తుపాకుల గుట్ట మీద ఎర్ర పీలికలు

పాలు విరిగాయని చెప్పడానికి పాలవాడికి ఎవరైనా అరగంటలో మూడుసార్లు ఫోన్ చేస్తారా? డానియేలు చేశానన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు, గోడకున్న క్యాలెండర్ చూశాడు.

గురువారం సాయంత్రం అయిదు దాటింది. ఉప్పుగూడ స్టేషన్ వెనక సందు, పట్టాలకు ఇరవై గజాల దూరంలో రెండు గదుల ఇల్లు. డానియేలు రైల్వేలో పట్టాలు కనిపెట్టుకునే కీమన్‌గా పనిచేసి ఎనిమిదేళ్ళ కింద రిటైరయ్యాడు. ముప్పై రెండేళ్ళు బండ్ల మోత విని చెవులు మందగించాయి. మనం అరవాలి, ఆయనా అరుస్తాడు. రహస్యాలు రాబట్టడానికి ఇంతకన్నా అనుకూలమైన మనిషి దొరకడు, ఎందుకంటే పక్కనే బియ్యం చెరుగుతున్న ఆయన భార్య సక్కుబాయికి ప్రతి మాటా వినపడుతోంది.

"పాలు పుల్లగైనయ్ బిడ్డా. చెప్దామని జేసిన," అన్నాడు మళ్ళీ.

"పదకొండు ఇరవైకి ఒకసారి, పదకొండు ముప్పై రెండుకు ఒకసారి, పదకొండు యాభైకి ఇంకోసారి. పుల్లటి పాల కోసమా డానియేలన్నా?"

"కలుస్తలేదాయె. అందుకే మల్ల మల్ల జేసిన."

సక్కుబాయి చేట కింద పెట్టేసింది. "ఏం మాట్లాడుతున్నవయ్యా? గోవర్ధన్ పోసిన పాలు మనింట్ల ఎన్నడన్న పుల్లగైనయా? ఆ ఆదివారం గా పాలతోనే సేమ్యా జేసిన గద! నువ్వే రెండు గిన్నెలు తిన్నవ్."

అప్పుడే ఫలక్‌నుమా వైపు లోకల్ బండి పోయింది. డానియేలు తల తిప్పి ఇంజను నుంచి ఆఖరి డబ్బా దాకా చక్రాలను చూస్తూ కూర్చున్నాడు. నేను వచ్చిన అరగంటలో అది నాలుగో బండి. నాలుగింటినీ అలాగే చూశాడు. ఉద్యోగం పోయినా కళ్ళు డ్యూటీ దిగలేదన్నమాట.

గోవర్ధన్ ఎవరో చెప్పాలి. ఈ సందు చివర పద్దెనిమిది బర్రెల డెయిరీ ఉంది. దాని యజమాని మొగులయ్యకు ఒక్కడే కొడుకు. ఇరవై ఏడేళ్ళవాడు. తెల్లవారుజామున పాలు పితికి, ఏడింటికల్లా ఇంటింటికీ పోసి, ఆదివారమైతే బండెక్కి అడవులకు పోయేవాడు. నల్లమల దిక్కు, ఇక్కడికి నాలుగు గంటల దూరంలో తుపాకుల గుట్ట అని ఒకటుంది. నలభై ఎనిమిదిలో యుద్ధం వస్తుందని నిజాం ఫౌజు ఆ గుట్ట మీద ఏడు మోర్చాలు కట్టింది. నల్లరాతి గోడలు, తుపాకీ పెట్టుకునేందుకు కంతలు. యుద్ధం నాలుగు రోజుల్లో ముగిసింది, అక్కడ ఒక్క గుండూ పేలలేదు. డెబ్భై అయిదేళ్ళకు పైగా గబ్బిలాలు తప్ప ఎవరూ కాపలా కాయలేదు. అలాంటి చోట్లు వెతికి పట్టుకోవడం గోవర్ధన్‌కు పిచ్చి. ఒక ట్రెక్కింగ్ కంపెనీ తరపున అప్పుడప్పుడు జనాన్ని కూడా తీసుకుపోయేవాడు.

పదకొండు రోజుల కింద, ఆదివారం నాడు, ఒక్కడే వెళ్ళాడు. ఏడో మోర్చాలో మందుగుండు దాచేందుకు తవ్విన నలభై అడుగుల గుంతలో పడి చచ్చిపోయాడు. చేతికున్న బ్యాండులో ఆఖరి అడుగు 12.14కు నమోదైంది. సాయంత్రం గూడెంవాళ్ళు చూసి పోలీసులను పిలిచారు. మర్నాడు కిందికి దింపిన ఫోను సిగ్నల్లోకి వచ్చాక డానియేలు మిస్డ్ కాల్స్ మూడూ వరసగా దిగాయి. పోలీసులు ప్రమాదం అని రాశారు. వచ్చే సోమవారం ఫైలు మూసేస్తారు.

మొగులయ్య నా దగ్గరకు వచ్చాడు. పోలీసు ఉద్యోగం మానేసి ఉస్మాన్‌గంజ్‌లో హోల్‌సేల్ మిర్చి దుకాణం పైన డిటెక్టివ్ బోర్డు పెట్టి నాకు ఆరేళ్ళయింది. నా గదికొచ్చే ప్రతివాడూ తుమ్ముతూనే వస్తాడు. మొగులయ్య తుమ్మి, కళ్ళు తుడుచుకుని, ఆ తర్వాత కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు.

"చెల్లె, నా కొడుకు కండ్లు లేనోని లెక్క గుంతల పడ్డడని రాసిన్రు. తాగిండు అంటున్నరు. పొద్దుగాల మూడింటికి కరెంటు లేకున్నా కొట్టంల పద్దెనిమిది బర్రెల నడుమ తిరిగేటోడు, ఒక్కదాని తోక తొక్కలే ఎన్నడు. వాడెట్ల పడ్తడు? గదొక్కటి చెప్పు నాకు. ఇంకేమొద్దు."

పోతూ పోతూ మెట్ల మీద ఆగి ఇంకో మాట అన్నాడు. "రెండు వారాల కింద మావోడు, ఒక డిటెక్టివ్‌ను కలిసిన బాపూ, సలహా అడిగిన అన్నడు. నువ్వే అనుకున్న."

"నేను కాదు," అన్నాను. నిజం చెప్పాలంటే కాస్త మంటగా అనిపించింది. మా ఉప్పుగూడ పిల్లవాడు నన్ను వదిలి ఎవడి దగ్గరకు పోయాడు అనుకున్నాను. మంట మీదే మనసుపెట్టి అసలు మాట పక్కన పెట్టేశాను. ఆ తప్పు నాదే.

ఆ గురువారం సాయంత్రం మళ్ళీ డానియేలు వైపు తిరిగాను. "గోవర్ధన్ చనిపోయే ముందురోజు, శనివారం, యాడున్నవన్నా?"

"ఇంట్లనే."

సక్కుబాయి ఈసారి బియ్యంలో రాయి దొరికినట్టు చూపు దించుకుంది. అంటే ఇంట్లో లేడు. ఆమె మొగుడి అబద్ధాన్ని ఒక్కసారి బయటపెట్టింది, రెండోసారి కాపాడుతోంది. నేను వేరే తలుపు తట్టాను.

"అన్నా, నీ ముప్పై రెండేండ్ల నౌకరిల నీ బీట్‌ల ఎవరన్నా సచ్చిపోయిన్రా?"

మనిషి ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నాడు. "ఒక్కరు లేరు! రాసుకో. పట్టా ఇరిగిందా, గుంత పడ్డదా, బాగుజేసుడు తర్వాత ముచ్చట. ముందుగాల రెండు దిక్కుల కాపాడాలె. ఆరు వందల మీటర్ల కాడ, బండి ఎక్కితే పేలే పటాకా ఒకటి పెట్టాలె. పన్నెండు వందల కాడ మూడు, పది పది మీటర్ల ఎడం. ఎర్రజెండా కట్టాలె. ఒక్క దిక్కు కట్టి ఇంకో దిక్కు ఇడిసిపెట్టినోడు కీమన్ గాదు, ఖూనీకోరు."

"జెండా చూసి ఆగకపోతే?"

"ఎట్ల ఆగరు? ఎర్రజెండా కనబడ్డంక ఎవరు జెప్పినా కదలొద్దు. సాబ్ జెప్పినా, దేవుడు జెప్పినా. గంతే."

చెప్పడం అయిపోగానే మనిషిలో గాలి పోయింది. సక్కుబాయి మాట మార్చడానికి చీరల గొడవ ఎత్తుకుంది. బిడ్డ వీణ క్రిస్మస్‌కు కొనిచ్చిన ఎర్రచీర, పసుపు అంచుది, పెట్టెలో కనిపించడం లేదట. ఈయన్ని అడిగితే పలకడట. నేను లేచాను. గుమ్మం దాకా వచ్చాక డానియేలు వెనక నుంచి అడిగాడు.

"బిడ్డా, గోవర్ధన్ ఆ దినం గుట్ట ఏ దిక్కు నుంచి ఎక్కిండు?"

"తూర్పు దిక్కు. గూడెం కాడినుంచి. ఎప్పుడూ అట్లనే ఎక్కుతడట."

అప్పుడే ఇంకో బండి వచ్చింది. డానియేలు దాన్ని చూడలేదు.

*

సందు మొదట్లో తెల్లకారు ఆగి ఉంది. దానికి ఆనుకుని అనురాగ్ నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. నాలాంటి డిటెక్టివే, కానీ అద్దాల ఆఫీసు, నలుగురు అసిస్టెంట్లు, ఈ బురద సందులో కూడా తెల్లబూట్లు. ట్రెక్కింగ్ కంపెనీ గోవర్ధన్ చనిపోయిన రెండో రోజు, మంగళవారం, అతన్ని పెట్టుకుంది. తప్పు కంపెనీది కాదని రిపోర్టు రాయడం అతని పని.

"ఏంది సావిత్రక్కా, మిర్చి ఘాటు తట్టుకోలేక గిటు వచ్చినవా?"

"నువ్వేం జేస్తున్నవ్ ఈడ?"

"మొగులయ్య సంతకం గావాలె. కొడుకు కంపెనీ పర్మిషన్ లేకుంట పోయిండని. సింపుల్." నేను వచ్చిన ఇంటివైపు గడ్డం ఎగరేశాడు. "ఎవరక్కా గా ముసలాయన? గంట సేపు కూసున్నవ్. నాకైతే పేరు గూడ తెల్వదు."

గంట సేపు నేనెక్కడున్నానో లెక్కపెట్టాడన్నమాట. "రైల్వేల రిటైరైన పెద్దమనిషి. నీ రిపోర్టు సంగతి జెప్పు. గుంత మీద మూతలెక్క ఆరు రైలుపట్టాలు పరిచి ఉండాలె. గోవర్ధన్ ఇరవైసార్లు ఆ పట్టాల మీద నడిచిండు. ఆ దినం అవి ఏమైనయ్?"

"స్క్రాప్ దొంగలు. రిపోర్టుల రాసిన."

"ఒక్కో పట్టా ముగ్గురు లేపితే గాని లేవదు. ఆరు పట్టాలు గుట్ట దింపిన్రా? నువ్వు ఎక్కి చూసినవా?"

"మోకాలు అరిగింది అక్కా. డాక్టర్ మెట్లు గూడ ఎక్కొద్దన్నడు. నలభై రెండు ఫొటోలున్నయ్, ఎస్సై స్టేట్‌మెంట్ ఉన్నది. గుట్ట ఎక్కాలె అని రూల్ ఉన్నదా?"

"అంటే అడుగు పెట్టకుంటనే రాసినవ్."

మొహం ఎర్రబడింది. అతనికి నా మాట కన్నా ఆ మాట విన్న పక్కింటావిడ నవ్వు ఎక్కువ తగిలింది. "చూడక్కా, నువ్వు టైం వేస్ట్ జేస్తున్నవ్. గుంత కనబడితే చాలు ఎర్రపీలికలు కట్టుకుంట తిరిగే పాగల్ ముసలోని మాట పట్టుకోని కేసు కడ్తవా? సోమవారం ఫైల్ బంద్. ఖతం."

ముప్పై రెండేళ్ళు ఒక్క ప్రాణం పోకుండా చూసిన మనిషిని పాగల్ అంటాడా అని నాకు ఒళ్ళు మండింది. తిట్టాను. ఏం తిట్టానో ఇక్కడ రాయను. తిట్టిన సంతోషంలో అతను అన్న మాట చెవిలో పడ్డా బుర్రలో పడలేదు.

*

శుక్రవారం పొద్దున మొగులయ్య పాలు పితికి, తన పాలబండిలోనే నన్ను ఎక్కించుకున్నాడు. రావద్దని చెప్పాను, వినలేదు. చేతిలో బర్రెలు తోలే కర్ర, చిన్న స్టీలు క్యాను. గుట్ట కింద గూడెం దగ్గర దిగేసరికి 8.40. తూర్పు దారిన పైకెక్కేసరికి 9.50. దారంతా కంప. ఎడమపక్క లోయ. గాలి ఒక్క చోట కూడా ఆగలేదు. ఆరు మోర్చాలు దాటాం. కంతలన్నీ మనవైపే చూస్తుంటాయి. వాటి వెనక ఎవరూ లేరని తెలిసినా నా వీపు నమ్మలేదు.

ఏడో మోర్చా గుట్ట కొసన ఉంది. తూర్పు దారి, పడమటి దారి రెండూ దాని ఒక్క గుమ్మం ముందే కలుస్తాయి. గుమ్మం నడుము ఎత్తు. వంగి లోపలికి అడుగుపెట్టగానే చీకటి. మొగులయ్య చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, కళ్ళు అలవాటు పడేదాకా లెక్కపెట్టాను. ఇరవై సెకన్లు పట్టింది. గుంత నాలుగు అడుగుల దూరంలో ఉంది.

"సూశినవా మొగులన్నా? నీ కొట్టంలెక్కనే ఇది. వానికి ఈ నేల కాళ్ళకు ఎరుక. కండ్లతోని పనిలేదు. అందుకే టార్చ్ గూడ ఎయ్యలే. నేల ఉంటదనుకోని అడుగేసిండు. నేల లేదు."

ఆయన గుంత అంచున కూర్చుండిపోయాడు. కాసేపయ్యాక క్యాను మూత తీసి, పొద్దున పితికిన పాలు నెమ్మదిగా గుంతలోకి వంచాడు. "ఆదివారం పొద్దుగాల వాడే పితికిండు చెల్లె. ఆఖరుగ," అన్నాడు. టార్చ్ వెలుగు వేరేవైపు తిప్పుకున్నాను. అలా తిప్పబట్టే కనిపించింది.

పట్టాలు ఆనించిన రాతి గాడులు ఆరు. వాటిలో సున్నం తెల్లగా, తాజాగా పగిలి ఉంది. చుట్టూ ఉన్న రాయంతా నాచుతో నల్లగా ఉంది. ఇది వారాల కిందటి పని, ఏళ్ళ కిందటిది కాదు. గుంత అడుగున తడి మట్టిలో నాలుగు చదరపు గుర్తులు. పెద్ద పెట్టెలు ఏళ్ళ తరబడి కూర్చున్న చోటు. పెట్టెలు లేవు. వాటిలో ఏముండేదో దేవుడికెరుక. పక్కనే, పోలీసులు గోవర్ధన్ శవం తీసిన చోట, మట్టి మీద పాలు తెల్లగా పరుచుకుంటున్నాయి.

బయటకొచ్చి మోర్చా వెనక పొదలు తొలగించాను. ఆరు పట్టాలూ అక్కడే ఉన్నాయి. కింద రెండు రాళ్ళు పెట్టి, నేలకు తగలకుండా, ఒకదానికొకటి సమానమైన ఎడంతో పేర్చి ఉన్నాయి. దొంగ అమ్ముకుంటాడు, లేదా పారేసి పోతాడు. పట్టాలను ఇంత మర్యాదగా పడుకోబెట్టేవాడు దొంగ కాదు. వాటితో ముప్పై ఏళ్ళు కాపురం చేసినవాడు.

నిన్న డానియేలు చెప్పిన లెక్క గుర్తొచ్చింది. రెండు దిక్కులా కాపాడాలె.

పడమటి దారి పట్టి గుమ్మం దగ్గర నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. అరవయ్యో అడుగు దగ్గర తుమ్మకొమ్మకు ఎర్రగుడ్డ పీలిక ఒకటి. అక్కడి నుంచి ఇంకో అరవై. నూట ఇరవయ్యో అడుగు దగ్గర ఒకటి, దానికి పది అడుగుల అవతల ఒకటి, ఇంకో పది అడుగులకు ఇంకొకటి. మూడు. రైలుకు ఆరు వందలు, పన్నెండు వందల మీటర్లు. మనిషికి అరవై, నూట ఇరవై అడుగులు. పీలిక అంచు పసుపు. సక్కుబాయి చీర దొరికింది.

డానియేలే దగ్గరుండి పట్టాలు ఎత్తించాడు. శనివారం. గునపం లాంటి సబ్బల్ పట్టుకుని పట్టా లేపడం తెలిసిన మనిషి కావాలని ఎవరో పిలిచారు, ఏదో చెప్పి నమ్మించారు. పని చేశాడు. కానీ తెరిచిన గుంతను అలా వదిలి రావడం ఆయన వల్ల కాలేదు. ఎవరికీ చెప్పకుండా చీర చింపి కట్టాడు. మర్నాడు గోవర్ధన్ అటే పోయాడని తెలిసి పదకొండు ఇరవై నుంచి ఫోన్లు చేశాడు. పిల్లవాడు చచ్చాక, పట్టాలెత్తింది నేనే, చంపింది నేనే అనుకుని నోరు కుట్టేసుకున్నాడు.

పడమటివైపు నాలుగు పీలికలనూ ఫొటో తీసి, విప్పి చేతిలో పట్టుకుని తూర్పు దారికి పరుగెత్తాను. గోవర్ధన్ ఎక్కిన దారి అది. అరవై అడుగులు. కొమ్మ ఉంది, కొమ్మకు ముడి ఉంది, పీలిక లేదు. కత్తితో కోసేశారు. నూట ఇరవై దగ్గర కూడా అంతే. మూడు ముళ్ళు, మూడూ కోసినవే. ఫోన్లో పోలీసుల నలభై రెండు ఫొటోలూ తిప్పి చూశాను. ఆదివారం సాయంత్రానికే ఈ కొమ్మలు బోడిగా ఉన్నాయి.

మోర్చాలోకి తిరిగి వెళ్ళి మొగులయ్య పక్కన కూర్చున్నాను. "అన్నా, నీ కొడుకు కండ్లు లేక పడలే. ఆ దారిల గుంత ఉన్నదని హుషార్ జెయ్యడానికి నాలుగు ఎర్రగుడ్డలు కట్టిన్రు. వాడు ఎప్పుడొచ్చినా తూర్పు దిక్కు నుంచే వస్తడని తెలిసినోడు, ఆ నాలుగే కోసిండు. పడమటి దిక్కు ముట్టలే. ఇది ఖూనీ."

మొగులయ్య ఏడవలేదు. "అంటే, గుడ్డలు ఉంటే ఆగుతుండె," అన్నాడు.

"ఆగుతుండె."

"నా కొడుకు కండ్లున్నోడే." రెండుసార్లు అన్నాడు. అడిగిన ఒక్కటీ ఆయనకు దొరికింది. నాకు మాత్రం అప్పుడే నిన్న సాయంత్రం అన్న మాట బుర్రలో పడింది. గుంత కనబడితే చాలు ఎర్రపీలికలు కట్టుకుంట తిరిగే పాగల్ ముసలోడు. పేరు కూడా తెలియదన్న మనిషి, మోకాలు అరిగి గుట్ట ఎక్కనన్న మనిషి అన్న మాట.

మోర్చా గోడకున్న తుపాకీ కంత దగ్గర మాత్రం ఫోనుకు ఒక్క గీత సిగ్నల్ వస్తోంది. డానియేలు ఎత్తకపోతే సక్కుబాయికి చేశాను. టైం 10.52.

"వదినా, ఒక్కటే మాట. డానియేలన్న బస్తీల ఎన్నడన్న గుంతలకు ఎర్రగుడ్డలు కట్టిండా?"

"లే. రిటైరైనంక ఇంట్లకెళ్ళి కదలడు. ఎనిమిదేండ్లల నేనైతే సూడలే. ఎందుకు?"

ఇంక అనుమానం లేదు. ఆ పీలికలు ఉన్నది ఈ గుట్ట మీదే. తూర్పు దిక్కువి కోసేసి దాచినవాడికి తప్ప, అవి కట్టింది ముసలాయన అని పోలీసులకూ తెలియదు, నాకూ గంట కిందటి దాకా తెలియదు.

"అన్న ఫోన్ ఎత్తుతలేడేంది వదినా?"

"ఇంట్ల లేడు బిడ్డా. నువ్వు పోయినంక రాత్రంత నిద్రపోలే. నేను రెండు దిక్కుల కట్టిన, రెండు దిక్కుల కట్టిన అనుకుంట కూసున్నడు. ఎవరికో ఫోన్ జేసి లొల్లి వెట్టుకున్నడు. పొద్దుగాల ఆరింటికి కారొచ్చింది. తెల్లబూట్లాయన. గుంత మల్ల మూసొద్దాం పా అన్నడట. నీ దోస్తే గద? నిన్న సందుల నీతోని మాట్లాడిండు..."

గీత పోయింది. ఫోను మూగబోయింది.

ఆరింటికి బయల్దేరితే పదింటికి గూడెం. పది నుంచి గంట ఎక్కుడు. నేను కంతలోంచి బయటకు చూశాను. ఈ గోడలు కట్టినవాళ్ళకు పని బాగా తెలుసు, తూర్పు దారి మొత్తం కనిపిస్తుంది. ఇద్దరు వస్తున్నారు.

ముందున్నవాడు తల వంచి, చిన్న చిన్న అడుగులు, అన్నీ ఒకే కొలతలో వేస్తున్నాడు. స్లీపర్ మీద నుంచి స్లీపర్ మీదికి నడిచినట్టు. వెనక తెల్లబూట్లు. భుజాన సబ్బల్. మోకాలు అరిగిన మనిషి మేకపిల్లలా ఎక్కుతున్నాడు.

వాళ్ళు ఎందుకొస్తున్నారో నాకు అర్థమైంది. గుంత తెరిచినవాడు, పాపభయంతో తానే అందులో దూకాడని అనురాగ్ చెప్తాడు. సోమవారం ఫైలులోకి ఒక కాగితం ఎక్కువ చేరుతుంది, అంతే. డానియేలుకూ నాకూ మధ్య నూట ఇరవై అడుగులు, ఆయనకు ఎడమపక్క లోయ. అరిస్తే గాలికి ఆ మందపు చెవులకు వినపడదు, అనురాగ్‌కు వినపడుతుంది. వాడు మోర్చా దాకా కూడా ఆగక్కర్లేదు.

"కర్ర ఇయ్యి అన్నా."

మొగులయ్య కర్ర కొసకు నాలుగు పీలికలూ కలిపి కట్టాను. ముడి రెండుసార్లు జారింది. కర్రను కంతలోంచి బయటకు తోసి, అడ్డంగా ఊపాను. డెబ్భై అయిదేళ్ళలో ఆ కంతలోంచి బయటకొచ్చిన మొదటి వస్తువు అదే అయ్యుంటుంది.

డానియేలు తలెత్తాడు. ఎర్రగుడ్డ చూశాడు. రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, నేలకు దిగ్గొట్టినట్టు ఆగిపోయాడు.

అనురాగ్ ఏదో అన్నాడు. భుజం పట్టుకుని తోశాడు. ముసలాయన కదల్లేదు. ఇంకోసారి గట్టిగా తోశాడు. డానియేలు పక్కనున్న కొమ్మను రెండు చేతులా పట్టుకున్నాడే తప్ప అడుగు ముందుకు వేయలేదు. అప్పుడు అనురాగ్ ఆయన చూపు వెంట చూపు పంపాడు. కర్ర చూశాడు. కర్ర వెనక కంత చూశాడు. కంతలో నా మొహం చూశాడు. భుజం మీది సబ్బల్ చేతిలోకి తీసుకుని, డానియేలును దాటుకుని, ఒక్కడే పైకి రావడం మొదలుపెట్టాడు.

మోర్చాకు ఒక్కటే గుమ్మం. వెనక గుంత. నేను కర్ర లోపలికి లాక్కున్నాను.

మొగులయ్య నా భుజం మీదుగా కంతలోంచి చూస్తున్నాడు. "ఎవరు చెల్లె గా వచ్చేటోడు?"

చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఆయన మెట్ల మీద నిలబడి అన్న మాటకు నేను అప్పుడు సగం జవాబే ఇచ్చాను. గుంతలో పెట్టెలున్నాయని పట్టాల సందులోంచి చూసిన పిల్లవాడు, ఏం చేయాలో తెలియక, మిర్చి ఘాటు లేని ఆఫీసు మెట్లు ఎక్కాడు.

"నీ కొడుకు సలహా అడగనీకి పోయిన డిటెక్టివ్, మొగులన్నా."

మొగులయ్య నా చేతిలోని కర్ర కోసం చెయ్యి చాచాడు.